మూడు క్యాబేజీల ఫ్రిజ్: మెదడుకు మంచి తిండిని ఏళ్ల తరబడి నిలుపుకోవడం ఎలా

మా అమ్మకు మతిమరుపు మొదలైందని మేం ఫ్రిజ్ చూసి తెలుసుకున్నాం. ఒకరోజు తలుపు తీస్తే లోపల మూడు క్యాబేజీలు. ఒకటి నిగనిగలాడుతోంది, ఒకటి వడలిపోయింది, మూడోదాని అడుగున నీరు కారుతోంది. "ఇంట్లో కూర ఏం లేదు కదరా, అందుకే తెచ్చా" అంది. నవ్వి ఊరుకున్నాను. మరుసటి వారం నాలుగోది వచ్చింది.

నేను ముప్పై రెండేళ్లు గోడౌన్‌లో స్టాకు లెక్కలు చూసిన మనిషిని. సరుకు ఎక్కడ పేరుకుపోతోందో చూస్తే లెక్క ఎక్కడ తప్పిందో తెలిసిపోతుంది. ఆ కన్ను ఇంట్లో ఎందుకో పనిచేయలేదు. ఆ తర్వాత ఏడేళ్లు అమ్మ మా దగ్గరే ఉంది, వంట నా చేతికొచ్చింది. ఇప్పుడు నాకు అరవై ఒకటి. రెండు పూటలా ఇప్పటికీ నేనే వండుతాను. ఆ వంటింట్లో నాకు కుదిరిన పద్ధతి ఇది. మీకు నలభై ఏళ్లున్నా డెబ్భై ఏళ్లున్నా మొదలుపెట్టొచ్చు. నలభై అయితే ఇంకా మంచిది.

ముందు ఆశలు సరిచూసుకోండి

ఫలానాది తింటే మతిమరుపు రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. మైండ్ డైట్ అని ఒకటుంది. షికాగోలోని రష్ యూనివర్సిటీలో మార్తా క్లేర్ మోరిస్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం తయారుచేశారు. ఆకుకూరలు, పప్పులు, బాదం, వాల్‌నట్ లాంటి గింజలు, పొట్టు తీయని ధాన్యాలు, బెర్రీ పండ్లు, చేపలు ఎక్కువ. ఎర్ర మాంసం, వెన్న, చీజ్, స్వీట్లు, వేపుళ్లు తక్కువ. 923 మంది పెద్దవాళ్లను సగటున నాలుగున్నరేళ్లు గమనించి, 2015లో ఫలితం ప్రకటించారు. ఈ పద్ధతికి బాగా దగ్గరగా తిన్నవాళ్లలో అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం 53 శాతం తక్కువగా కనిపించింది.

ఆ అంకె చూసి నేనూ ఎగిరి గంతేశాను. తర్వాత 2023లో ఇంకో ఫలితం వచ్చింది. ఈసారి 604 మందిని రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుకు మైండ్ డైట్, ఇంకో గుంపుకు మామూలు తిండే చెప్పి, రెండింటికీ మోతాదు కాస్త తగ్గించి మూడేళ్లు చూశారు. రెండు గుంపులూ కొంచెం మెరుగుపడ్డాయి, వాళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం తేలలేదు. మొదటిది ఊరికే గమనించింది, రెండోది పరీక్ష పెట్టింది. బాగా తినేవాళ్లు సాధారణంగా నడుస్తారు, బీపీ చూపించుకుంటారు, సిగరెట్ తాగరు. ఆ మంచి అంతా తిండి ఖాతాలో పడిపోయే వీలుంది.

అయితే తిండిని పట్టించుకోవడం దండగా? నా లెక్క వేరు. అల్జీమర్స్‌లో మెదడులో మార్పులు లక్షణాలు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతాయి. మూడేళ్ల పరీక్షకు అంత దూరం కనపడకపోవచ్చు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ మతిమరుపు జబ్బుకు మనం మార్చుకోగల కారణాలు పద్నాలుగు అని జాబితా ఇచ్చింది. అందులో తిండి అనే పేరు విడిగా లేదు. కానీ బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, మద్యం ఉన్నాయి. అవన్నీ ఏ దారిన ఇంట్లోకి వస్తాయో వేరే చెప్పాలా? మెదడు ఒంటి బరువులో రెండు శాతమే. అయినా విశ్రాంతిలో ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ఐదో వంతు తినేస్తుంది. ఆ సరఫరా అంతా సన్నటి రక్తనాళాల మీదుగా రావాలి. ఆ నాళాలను ఏళ్ల తరబడి శుభ్రంగా ఉంచుకోవడమే తిండి చేయగల పని.

అంటే మూడు నెలల డైట్ పనికిరాదు. ఇరవై ఏళ్లు నడిచే తిండి కావాలి. ఇరవై ఏళ్లు ఆగకుండా సరఫరా కావాల్సిన సరుకైతే, అది పండే నేల, నీళ్ల సంగతి కూడా స్టాకు చూసేవాడికి పట్టాలి కదా. అదృష్టం ఏమిటంటే ఈ రెండు లెక్కలూ చాలావరకు ఒకే కంచంలో కలుస్తాయి. 2019లో ఈట్ అనే సంస్థ, లాన్సెట్ పత్రిక కలిసి వేసిన కమిషన్ భూమికీ మనిషికీ సరిపడే కంచం ఎలా ఉండాలో చెప్పింది. అందులో సగం కూరగాయలు, పండ్లు. మిగతా సగంలో ఎక్కువ భాగం ధాన్యాలు, పప్పులు, గింజలు, నూనెలు. మాంసం కొంచెం. మైండ్ డైట్ పక్కన పెట్టి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి.

నేను మొదట చేసిన పొరపాటు

అమ్మ రిపోర్టులు వచ్చిన వారమే బజారుకు పోయి సంచి నింపుకొచ్చాను. విమానంలో వచ్చిన బెర్రీలు, రెండు రకాల పొడులు, జ్ఞాపకశక్తి మాత్రల సీసా. పదకొండు వారాలు నడిచింది. బెర్రీలు బూజు పట్టాయి, పొడులు గడ్డకట్టాయి. "ఇది తిండా, మందుల షాపా?" అంది మా ఆవిడ. మాత్రల్లో ఉన్నది గింకో అనే చెట్టు ఆకుల సారం. దాని మీద 3069 మంది పెద్దవాళ్లతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 2008లోనే వచ్చింది, మతిమరుపు జబ్బును (డిమెన్షియా) అది ఆపలేదని తేలింది. నేను చదవకుండా కొన్నాను.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను: వారానికి ఒక్క మార్పు. అది నాలుగు వారాలు నిలిస్తే జీతం పెంచినట్టు పక్కా చేయడం, నిలవకపోతే గొడవ లేకుండా వదిలేయడం.

పప్పులతో మొదలుపెట్టండి

ఒకే ఒక్క మార్పు చేయగలిగితే ఇదే చేయండి. శనగలు, బఠాణీలు, రాజ్మా, పెసలు, అలసందలు, మసూర్, ఏవైనా సరే. పీచు ఉంటుంది, ప్రొటీన్ ఉంటుంది, ఫోలేట్ అనే బీ విటమిన్ ఉంటుంది, షుగర్‌ను ఒక్కసారిగా పైకి లేపవు. నేలకేమో ఇవి ఎరువు పెట్టి పోతాయి. ఈ మొక్కల వేళ్ల బుడిపెల్లో రైజోబియం అనే బ్యాక్టీరియా కాపురం ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, అందుకని యూరియా లాంటివి తక్కువ సరిపోతాయి. 2018లో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల పొలాల లెక్కలు తీశారు. బఠాణీలతో పోలిస్తే గొడ్డు మాంసం వల్ల గాల్లోకి పోయే, భూమిని వేడెక్కించే వాయువులు పదుల రెట్లు ఎక్కువ. ఇంకో సంగతి కూడా అందులో ఉంది: చాలా ఆహారాల్లో రవాణా వాటా చిన్నదే. ఎంత దూరం నుంచి వచ్చిందన్నదాని కన్నా ఏం తింటున్నామన్నదే పెద్ద లెక్క. విమానమెక్కి వచ్చే సరుకు మాత్రం దీనికి మినహాయింపు. నా బెర్రీలు ఆ బాపతే.

నా పద్ధతి ఇది. శనివారం రాత్రి రెండు గ్లాసుల గింజలు కడిగి నానబెడతాను. ఒక వారం శనగలు, ఒక వారం రాజ్మా. ఆదివారం పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తాను. ఉప్పు వేయను, అది కూరలో చూసుకుంటాను. చల్లారాక గుప్పెడేసి చొప్పున చిన్న డబ్బాల్లో పెట్టి, రెండు రోజులకు సరిపడా ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో. డబ్బా మీద తేదీ రాయాల్సిందే. తేదీ లేని సరుకు గోడౌన్‌లో ఉన్నా లేనట్టే.

రాజ్మాతో ఒక జాగ్రత్త. పచ్చిగా ఉన్నా, సరిగా ఉడకకపోయినా అందులోని ఒక పదార్థం వాంతులు చేయిస్తుంది. కనీసం పది నిమిషాలు తెర్లి తెర్లి ఉడకాలి. సన్నటి సెగ మీద గంటలకొద్దీ మగ్గించే కుక్కర్లలో పచ్చి రాజ్మా నేరుగా పడేయకండి.

గ్యాస్ వస్తుందని చాలామంది మొదటి వారమే మానేస్తారు. తప్పు గింజలది కాదు, మోతాదుది. మొదటి వారం రోజుకు రెండు చెంచాలు చాలు. మూడు వారాలు పోయేసరికి కడుపు అలవాటు పడుతుంది. మాంసం తినేవాళ్లు మాంసం మానేస్తున్నామని ప్రకటన చేయక్కర్లేదు. కీమాలో సగం తీసి ఆ చోట ఉడికిన మసూర్ వేయండి. మా ఇంటికొచ్చే బంధువు ఒకాయన రెండేళ్లుగా తింటున్నాడు, ఇంతవరకు కనిపెట్టలేదు. చెప్పే ఉద్దేశం నాకూ లేదు.

ఆకులు

వారంలో ఆరు రోజులైనా ఏదో ఒక ఆకుకూర. పేరున్న ఆకే కావాలని లేదు, ఆ కాలంలో దండిగా దొరికేదే మంచిది. కొన్న రోజే బాగుచేసి, కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, గుడ్డ పరిచిన డబ్బాలో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. కట్టను అలాగే ఫ్రిజ్‌లో తోస్తే మూడో రోజుకి బురద. ఆ ఓపిక లేని వారం ఫ్రీజర్ పాలకూర ప్యాకెట్ కొనండి, పోషకాల్లో ఏమీ తీసిపోదు.

వార్ఫరిన్ అనే రక్తం పలచబరిచే మందు వేసుకునేవాళ్లు ఆకుకూర ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. అందులోని విటమిన్ కె ఆ మందుకు అడ్డుపడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పొటాషియం లెక్క ఉంటుంది. ఈ రెండు రకాలవాళ్లూ ముందు డాక్టరును అడగండి.

బెర్రీలు దొరికితే, ఫ్రీజర్‌వైనా, తినండి. దొరకకపోతే దొరికిన రంగు పండు తినండి. వాటి గురించి నిద్ర చెడగొట్టుకోవడం వాటివల్ల వచ్చే లాభం కన్నా ఎక్కువ నష్టం.

నూనెలు, గింజలు, ధాన్యం, చేప

స్పెయిన్‌లో ఏడు వేలమందికి పైగా మనుషులతో ప్రెడిమెడ్ అని ఒక పరీక్ష జరిగింది. ఆలివ్ నూనెతోనో, గింజలతోనో మధ్యధరా సముద్ర తీరపు పద్ధతిలో తిన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటివి తక్కువగా వచ్చాయి. వాళ్లలోనే కొందరి జ్ఞాపకశక్తిని విడిగా చూస్తే అక్కడా కాస్త లాభం కనిపించింది. నేను దాన్నుంచి తీసుకున్నది ఇంతే: గది వేడికి గడ్డకట్టే కొవ్వు బదులు, ద్రవంగా ఉండే నూనె, అదీ తగుమాత్రం. చిన్న సీసా కొంటాను. ఒకసారి వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచను. రోజూ ఓ గుప్పెడు బాదం, వాల్‌నట్ లాంటి గింజలు, ఉప్పు లేనివి. అవిసె గింజలు కొంటే పొడి చేసుకోండి, గింజ గింజలా మింగితే వచ్చినదారినే పోతుంది. ఆ పొడి ఫ్రిజ్‌లో ఉండాలి, బయట ఉంటే కంపు పట్టేస్తుంది.

ధాన్యం సంగతి ఒక్క మాటలో: ముడి ధాన్యానికి ఒక్కరోజులో మారకండి. మొదటి నెల పావు వంతు కలపండి, తర్వాత సగం. మా ఇంట్లో సగం దగ్గరే ఆగిపోయింది. పర్వాలేదు.

చేప తినేవాళ్లకు వారానికి ఒకసారి చాలు. సార్డీన్, మాకరెల్ లాంటి చిన్న చేపలు ఎంచుకోండి. మెదడు కణాల పొరల్లో ఉండే డీహెచ్ఏ అనే కొవ్వు అసలు పుట్టేది సముద్రపు నాచులో. చిన్న చేప దాన్ని తింటుంది, పెద్ద చేప చిన్నదాన్ని తింటుంది. ఆ దారిలో పాదరసం కూడా మెట్టు మెట్టుకీ పోగవుతుంది. చిన్న చేప త్వరగా పెరుగుతుంది కాబట్టి సముద్రానికీ భారం తక్కువ. చేప తిననివాళ్లకు అవిసె, వాల్‌నట్ ఉన్నాయి గానీ అందులోని ఒమేగా-3 అనే కొవ్వు ఒంట్లో డీహెచ్ఏగా మారేది కొద్దిగానే. నాచు నుంచి నేరుగా తీసిన నూనె మాత్రలు దొరుకుతాయి. వేసుకోవాలా వద్దా అన్నది మీకూ మీ డాక్టరుకూ మధ్య మాట.

బీ12, ఉప్పు: ఈ రెండింటినీ వదలకండి

మొక్కల తిండి వైపు జరిగేవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పే మాట ఇది. విటమిన్ బీ12 మొక్కల్లో నమ్ముకోదగ్గంత ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు 2.4 మైక్రోగ్రాములు కావాలి. పాలు, గుడ్లు, చేప, మాంసం లేదంటే బీ12 కలిపిన పదార్థం, లేదంటే మాత్ర. వయసు మీద పడ్డాక కడుపులో ఆమ్లం తగ్గి తిన్నది కూడా సరిగా ఒంటబట్టదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు ఆమ్లం తగ్గించే మాత్రలు ఏళ్లుగా వాడేవాళ్లకు మరీను. ఇది తగ్గితే తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు. మా అమ్మకు చూస్తే బాగా తక్కువ ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక కాళ్ల తిమ్మిర్లు పోయాయి, పగటిపూట గందరగోళం కాస్త తగ్గింది. అసలు మతిమరుపు మాత్రం ఉండిపోయింది. దానికి కారణం వేరే. అయినా ఆ కాస్త తగ్గడం ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ముందే చూపించి ఉంటే ఇంకెంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. మామూలు రక్తపరీక్షే, రాయించుకోండి.

ఉప్పు విషయానికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే చదునుగా ఒక టీ చెంచా. బీపీ పై అంకెను మందులతో గట్టిగా, 120 కిందికి దించినవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గే తొలిదశ 19 శాతం తక్కువగా వచ్చిందని 2019లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. మందు మానేసి ఉప్పు తగ్గించమని కాదు. మందు వేసుకుంటూ చెంచా చూసుకోమని.

అమ్మ కూరలో ఉప్పు వేసి, మర్చిపోయి, మళ్లీ వేసేది. తిట్టడం వల్ల లాభం లేదు. ఉప్పు డబ్బా పైకెక్కించి, పొద్దున్నే మనిషికి అర చెంచా చొప్పున ఒక చిన్న గిన్నెలో పోసి పొయ్యి పక్కన పెట్టేవాణ్ని. రోజంతా వంటకి అదే. మిగతా అర చెంచా బ్రెడ్డులో, సాస్‌లో, చిప్స్‌లో మనకు తెలియకుండానే వచ్చేస్తుంది. గిన్నె ఖాళీ అయిందా, కూరలో ఉప్పు పడినట్టే. అమ్మ కోసం పెట్టిన ఆ గిన్నె ఇప్పుడు నాకే పనికొస్తోంది, ఎందుకంటే నాకూ బీపీ వచ్చింది. అయోడిన్ ఉన్న ఉప్పే వాడండి.

అలసిపోయిన రోజుకి ఏర్పాటు

తిండి పద్ధతి ఎక్కడ విరిగిపోతుందో నా పుస్తకంలో రాసుకున్నాను. పండగల్లోనూ విందుల్లోనూ కాదు. ఆస్పత్రి నుంచి రాత్రి ఎనిమిదికి ఇంటికొచ్చిన రోజుల్లో. అలాంటప్పుడు మనిషి ఆలోచించడు, ఫోన్ తీసి ఆర్డర్ పెడతాడు. నేనూ పెట్టాను, వారానికి మూడుసార్లు పెట్టిన నెల కూడా ఉంది.

అందుకని ఇంట్లో ఎప్పుడూ రెండు "బుర్ర పెట్టక్కర్లేని" భోజనాలకు సరుకు ఉంచుతాను. ఫ్రీజర్ శనగల డబ్బా, ఫ్రీజర్ ఆకుకూర, ఒక ఉల్లిపాయ, ఒక టమాటా: పావుగంటలో కూరో సూపో అవుతుంది. రెండోది గుడ్లు, మిగిలిన కూరగాయ ముక్కలు. వాడిన డబ్బా స్థానంలో ఆదివారం కొత్తది పెట్టాలి. గోడౌన్‌లో దీన్ని కనీస నిల్వ అంటాం. అది తగ్గితే మిగతా పనులన్నీ ఆపి ముందు అది నింపేవాళ్లం.

బాగా పెద్దవాళ్లకు ఈ లెక్కలు వర్తించవు

చివరి రెండేళ్లలో అమ్మకు వాసనలు తెలియడం తగ్గి, తినడమే తగ్గిపోయింది. నేనేమో స్వీట్లు కట్, వెన్న కట్ అని పట్టుబట్టాను. నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడు బరువు పోవడమే ప్రమాదం, ఆవిడ ఏది తింటే అది పెట్టండి" అని చెప్పింది. ఆ రోజు నుంచి అమ్మ అడిగిన తీపి అమ్మకు పెట్టాను. జబ్బు ముదిరిన మనిషి కంచంలోంచి తీసేయకండి, వీలైతే కలపండి.

పారేసేది రాయండి

2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క కట్టింది. అందులో 60 శాతం ఇళ్లల్లోనే. మూడు క్యాబేజీల ఇంటివాణ్ని, నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఒక నెల పాటు ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: ఏం పారేశాం, ఎంత, ఎందుకు. మా ఇంట్లో తేలింది ఏమిటంటే, పారేసినదాంట్లో సింహభాగం "ఇకనుంచి ఆరోగ్యంగా తినాలి" అన్న ఉత్సాహంలో కొన్న కూరగాయలే. అందుకని ఇప్పుడు బజారుకు వెళ్లే ముందు ఫ్రిజ్ తలుపు తీసి ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటాను. ఇంట్లో మతిమరుపు మనిషి ఉంటే ఇది చాలా పెద్ద సాయం, లేకపోయినా సాయమే. ముందొచ్చిన సరుకు ముందు పోవాలి కాబట్టి పై అరలో ఒక ట్రే పెట్టి "ముందు ఇవి" అని పెద్ద అక్షరాలతో అంటించాను. రేపో ఎల్లుండో పాడయ్యేవన్నీ అందులోకి వస్తాయి, వంట అక్కణ్నుంచే మొదలవుతుంది. వండినది రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి, మూడు రోజుల్లో కడుపులోకి, లేదంటే ఫ్రీజర్‌లోకి.

పోయిన వారం నా పుస్తకంలో ఒక్కటే పద్దు. పుదీనా, సగం కట్ట. ఎందుకు అన్న గడిలో మా ఆవిడ తన చేత్తో రాసింది: "ట్రేలో పెట్టడం ఆయనే మర్చిపోయారు." తేదీ కూడా వేసింది.